"ప్రస్తుతం" అంటే ఇప్పుడేనా? సేల్స్ మెయిల్‌లో ఇరుక్కున్న సుమతి పద్యం

మెయిళ్లపోగు: పొద్దుటి నుంచి ఒక పద్యం బుర్ర తినేస్తోంది. ముక్కూమొహం తెలియని కంపెనీలకు సేల్స్ మెయిల్స్ రాయడం నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్ల కోసం స్లైడ్ చేస్తూ "ఎప్పటి కెయ్యది ప్రస్తుత మప్పటి కా మాటలాడి" పెట్టాను. చివరి పాదం దగ్గర చెయ్యి ఆగింది. "తప్పించుక తిరుగువాడు" అనా, "తప్పించుకు" అనా?

కందగడ్డ: తప్పించుక. అడగడానికేముంది ఇందులో.

నాలుగోపాదం: అంత తేలిగ్గా కొట్టేయకండి మాస్టారూ. ఛందస్సు లెక్కలో "చుకతిరు" అన్నా నలమే (నాలుగూ లఘువులే), "చుకుతిరు" అన్నా నలమే. మా ఇంట్లో అందరం "కు" అనే చదివాం.

కందగడ్డ: గణం కుదిరినంత మాత్రాన పాఠం అయిపోదండీ. "తప్పించుకొని" కుదిస్తే "తప్పించుక". ఆ "కు" మన నోటి వాడుక, పద్యంలోకి దూరింది.

అప్రస్తుతప్రసంగి: మీరిద్దరూ చివరి పాదం పట్టుకుని వేలాడుతున్నారు గానీ అసలు పేచీ మొదటి పాదంలో ఉంది. మనకిప్పుడు "ప్రస్తుతం" అంటే "ఇప్పుడు". పద్యంలో ఆ అర్థం పెడితే "ఎప్పటికి ఏది ఇప్పుడో" అవుతుంది, నవ్విపోతారు. అక్కడ ప్రస్తుతమంటే ఆ సందర్భానికి తగినది. ఆ అర్థం "అప్రస్తుతం"లో ఇంకా బతికే ఉంది, నా పేరే సాక్ష్యం. అలంకారాల్లో అప్రస్తుతప్రశంస ఉంది కదా, వేరే సంగతి చెప్పి అసలు సంగతి స్ఫురింపజేయడం. నాకొచ్చే సేల్స్ మెయిల్స్ అన్నీ ఆ అలంకారమే, స్ఫురించడం ఒక్కటే తక్కువ. "ప్రస్తుతం మా సంస్థ పన్నెండు రకాల సేవలు అందిస్తోంది" అట. అది వాళ్ల ప్రస్తుతం, నాది కాదు.

మెయిళ్లపోగు: నన్నే అన్నట్టుంది. మొన్న ఒకాయనకి "మా సంస్థ ఈ రంగంలో అగ్రగామి" అని మొదలుపెట్టి పేజీడు రాశాను. ఉలుకూ పలుకూ లేదు. వారం తర్వాత వాళ్ల ఉద్యోగ ప్రకటన కంటపడింది. "గోడౌన్‌కి ఆరుగురిని తీసుకుంటున్నారని చూశాను. స్టాకు లెక్క ఇంకా ఎక్సెల్‌లోనే నడుస్తోందా?" అని రెండే రెండు వాక్యాలు పంపాను. గంటలో జవాబు: "అవును, చంపేస్తోంది." సరే, నా క, కు సంగతి?

చాటువు: ఇంతసేపూ శ్రీనాథుణ్ణి ఎవరూ తలవకపోవడం అన్యాయం. సాంపరాయని కొడుకు తెలుంగరాయణ్ణి కస్తూరి అడిగిన చాటువు, అంటే విడిగా చెప్పిన పద్యం, చూడండి. "అక్షయ్యంబగు సాంపరాయని తెలుంగాధీశ!" పిలుపులోనే తండ్రి పేరు, మన "డియర్ సర్ ఆర్ మేడమ్" లాంటిది కాదు. రెండో పాదానికల్లా అడిగేశాడు, "కస్తూరికా భిక్షాదానము సేయరా". ఒకే ఒక్క వస్తువు. కస్తూరి, కుదిరితే అగ్రహారం, లేదంటే పది నిమిషాల కాల్ అని చిట్టా విప్పలేదు.

నాలుగోపాదం: అడిగింది శ్రీనాథుడు కాబట్టి చెల్లింది. ఆయన పేరు ఆయన కంటే ముందే వెళ్లి కూర్చుంటుంది. ఆ "రా" కొత్త క్లయింటు మీద వేసి చూడమనండి వీళ్లని.

చాటువు: ఆ "రా"లోనే ఉంది ప్రాణమంతా. "సేయవే" అని చదివి చూడండి, చప్పబడిపోతుంది.

కందగడ్డ: "వే" పెట్టినా గణం చెడదు, జగణమే.

చాటువు: గణం కుదిరినంత మాత్రాన పాఠం అయిపోదని ఇందాక ఎవరో అన్నారు.

అప్రస్తుతప్రసంగి: "అన్యుల మనముల్ నొప్పింపక" కూడా స్లైడ్ మీద పెట్టండి. "నా ముందు మెయిల్ చూశారా?" అని నాలుగోసారి అడిగేవాళ్లకి పనికొస్తుంది. ఇంకో మాట. సేల్స్‌వాళ్ల స్లైడ్ మీద "తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అని రాస్తే, ఆ ధన్యుడు క్లయింటే అనుకోరూ?

మెయిళ్లపోగు: అయ్యో, నిజమే. చివరి పాదం తీసేస్తున్నాను.

కందగడ్డ: తీసేస్తే తీసేయండి. తప్పించుక.

నాలుగోపాదం: తప్పించుకు.