మేటి జర్నళ్లలో మాత్రమే వెతికే సాధనం ఉందా?

ఉపగ్రహ చిత్రాలతో నేల తేమను అంచనా వేసే పద్ధతులపై పరిశోధన చేస్తున్నాను. ఒక్క మాట వెతికితే వేల పత్రాలు వచ్చిపడుతున్నాయి. ఒక్కో జర్నల్ పేరునూ జర్నళ్లకు ర్యాంకులిచ్చే సైమాగో జాబితాలో చూసి, అది తన విభాగంలో క్యూ1లో, అంటే పై పాతిక శాతంలో ఉంటేనే పత్రం తెరుస్తున్నాను. నిన్న సాయంత్రమంతా కూర్చుంటే 40 పేర్లు తేలాయి, చదవగలిగింది 2 పత్రాలే!

నేను ఎంచుకున్న 30 జర్నళ్ల ఐఎస్ఎస్ఎన్ సంఖ్యలు (ఒక్కో జర్నల్‌కు ఉండే గుర్తింపు సంఖ్యలు) ఇస్తే, వాటిలో మాత్రమే వెతికిపెట్టే ఉచిత సాధనం ఏదైనా ఉందా? పరిశోధన పత్రాల వివరాలుండే ఓపెన్‌అలెక్స్ అనే సూచికలో ఆ సంఖ్యలతో వడపోత కుదురుతుందని చదివాను. ప్రోగ్రామింగ్ రానివారు దాన్ని ఎలా వాడాలో దయచేసి ఎవరైనా వివరంగా చెప్పగలరా? ర్యాంకు చూసి పత్రం నాణ్యతను తేల్చేయలేమని తెలుసు, నాకు కావలసింది మొదటి జల్లెడ మాత్రమే. కొత్త పత్రం వచ్చినప్పుడు మెయిల్ కూడా వస్తే ఇంకా మేలు.