అప్‌డేట్: సంక్రాంతి పాట్‌లక్‌కి చింతపండు పులిహోర

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినే విందు) తక్కువ ఖర్చులో, సులువుగా ఏం చేయొచ్చని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పులిహోరే చేశాను, చాలా బాగా కుదిరింది. "పులుసు ముందురోజు రాత్రే ఉడికించి పెట్టుకోండి" అన్న సలహా నిజంగా కాపాడింది. నూనె పైకి తేలేదాకా దగ్గరపడనిచ్చాను. పొద్దున సోనా మసూరి అన్నం పలుకుగా వండి, వెడల్పాటి బేసిన్‌లో పరిచి, పసుపు, నూనె, పచ్చి కరివేపాకు వేసి ఆరబెట్టాను. పూర్తిగా ఆరాకే పులుసు కలిపాను, ఒక్క మెతుకూ చితకలేదు. పల్లీలు మాత్రం బయలుదేరే ముందు కలపండి, కరకరలాడతాయి.

హాట్‌బాక్స్ కొనాలేమోనని టెన్షన్ పడ్డాను, దాని అవసరమే రాలేదు. మధ్యాహ్నానికి పులుపు పట్టి ఇంకా రుచిగా ఉంది.

దద్దోజనం పక్కింటి ఆంటీ తెచ్చారు. పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపారట, అస్సలు పులవలేదు.