స్టేషన్ దగ్గర కట్టే ఇళ్లకు పార్కింగ్ తప్పనిసరి అనే రూల్ తీసేస్తే మా వీధి కార్లతో నిండిపోతుందా?

స్టేషన్_వెనకవీధి:
మా ఇంటి నుంచి రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. ఆ స్టేషన్‌కి 800 మీటర్ల లోపు కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లకి ఇంటికి ఇన్ని పార్కింగ్ స్లాట్లు ఉండాల్సిందే అనే రూల్ తీసేద్దామని ప్రతిపాదన పెట్టి, అభిప్రాయాలు అడుగుతున్నారు. మా వీధిలో అందరికీ ఇప్పటి నుంచే టెన్షన్ మొదలైంది. బిల్డర్‌కి ఖర్చు మిగులుతుంది, కొన్నవాళ్లు కార్లు తెచ్చి మన గేట్ల ముందు పెడతారు అంటున్నారు. స్టేషన్ పక్కన ఉన్న కాస్త జాగా కార్లకి పోవడం నాకు నచ్చదు, అలాగని వాళ్ల భయం ఉత్తదే అని కూడా అనలేను. స్టేషన్‌కి ఆనుకుని పెద్ద పార్కింగ్ లాట్ కట్టమని ఇంకొందరు అడుగుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

సెల్లార్_లెక్కలు:
బిల్డింగ్ ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను, జాగా లెక్క చెప్తాను. కారు నిలబడే గడి చిన్నదే, కానీ అది లోపలికొచ్చి తిరిగే దారి, ర్యాంపు కూడా కలిపితే ఒక్కో కారుకి దాదాపు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. ఇంటికి రెండు స్లాట్లంటే ఒక చిన్న ఫ్లాట్ పట్టేంత జాగా అన్నమాట. పైన చోటు లేక సెల్లార్ తవ్వితే చుట్టూ గోడలు, నీళ్లు తోడే పంపులు, గాలి ఆడే ఏర్పాట్లు, రెండో సెల్లార్‌కి దిగితే ఖర్చు ఇంకా ఎక్కువ. అదంతా ఫ్లాట్ ధరలో కలిసిపోతుంది, కారు లేనివాళ్లూ కట్టాల్సిందే. రైలు ఉంది కదా కారెందుకు అనుకుని అక్కడ ఇల్లు చూసుకునేవాళ్ల మీద ఈ భారం వేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. చిన్న స్థలాల్లో అయితే ర్యాంపుకే చోటు చాలదు కాబట్టి అసలు కట్టడమే మానేస్తారు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రూల్ తీసేయడం అంటే పార్కింగ్ కట్టకూడదని కాదు. కొనేవాళ్లు అడిగితే బిల్డర్ కడతాడు. స్లాట్‌ని ఫ్లాట్‌తో కలిపి అంటగట్టకుండా విడిగా అమ్మాలనే షరతు మాత్రం మీ అభిప్రాయంలో తప్పకుండా రాయండి.

రూల్స్_చదువుతా:
ఇది కొత్త ప్రయోగం కాదండి. లండన్‌లో 2004 నుంచి కనీసం ఇన్ని ఉండాలనే లెక్క పోయి, ఇంతకు మించకూడదనే లెక్క వచ్చింది. ఆ తర్వాత కట్టిన ఇళ్లలో స్లాట్లు బాగా తగ్గాయి. మెక్సికో సిటీ 2017లో అదే దారి పట్టింది. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి, ముఖ్యమైన రైలు, బస్సు స్టేషన్లకి అర మైలు లోపు, అంటే మీరు చెప్పిన 800 మీటర్లే, పార్కింగ్ కట్టి తీరాలని స్థానిక ప్రభుత్వాలు చాలావరకు ఒత్తిడి చేయలేవు.

కానీ మీ వీధివాళ్ల భయానికి జవాబు టోక్యోలో ఉంది. జపాన్‌లో 1962లో చేసిన చట్టం ప్రకారం కారు పెట్టుకునే చోటు చూపించాల్సింది కొనేవాళ్లే. ఇప్పుడైతే ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి, దానికి పోలీసుల సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రాత్రంతా రోడ్డు మీద వదిలేయడం కుదరదు. అంటే కాపలా వీధికి పెట్టారు. మన గొడవంతా రోడ్డు మీద ఉచితంగా పెట్టుకోవచ్చన్న అలవాటు దగ్గరే ఉంది. దాన్ని ముట్టుకోకుండా రూల్ ఒక్కటే తీసేస్తే మాత్రం కార్లు మీ గేటు ముందుకే వస్తాయి, ఆ విషయంలో మీవాళ్లు చెప్పేది నిజం.

అమ్మతో_స్టేషన్‌కి:
అందరూ 800 మీటర్లు అంటున్నారు, అది మ్యాప్ మీద గీసిన గుండ్రం. మధ్యలో పెద్ద కాంపౌండ్ గోడో, దాటలేని రోడ్డో ఉంటే ఆ దూరం నడకలో రెట్టింపు అవుతుంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఫుట్‌పాత్ తెగిపోయిన ప్రతిచోటా రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కాలి. పార్కింగ్ తగ్గించండి, నేను వద్దనను, కానీ వికలాంగులకి, పెద్దవాళ్లకి స్లాట్లు గేటుకి దగ్గర్లో ఉండి తీరాలి. ఫుట్‌పాత్, వీధి దీపాలు, ఇళ్ల దగ్గర నుంచి స్టేషన్‌కి చేర్చే, చివరి రైలు దాకా నడిచే ఫీడర్ బస్సు, ఇవన్నీ ముందు రావాలి. తర్వాత చూద్దాం అంటే ఎవరూ చూడరు.

సెల్లార్_లెక్కలు:
అమ్మగారి గురించి మీరు చెప్పిన మాట నూటికి నూరు పాళ్లు నిజం. దూరాన్ని నడిచే దారి వెంట కొలవాలని కూడా అడగండి.

స్టేషన్ లాట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 500 కార్ల లాట్ పొద్దున్నే నిండిందంటే సాయంత్రం దాకా అంతే, ఆ రోజుకి ఇంచుమించు అంతమంది ప్రయాణికులే. అదే జాగాలో ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు ఉంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా రెండు వైపులా జనం రైలెక్కుతారు. హాంకాంగ్ మెట్రో స్టేషన్ల మీదా పక్కనా ఇళ్లు కట్టించి ఆ ఆదాయాన్ని లైన్లకే వాడుకుంటుంది. లాట్ కావాలంటే ఊరి చివర, ఇళ్లు దూరందూరంగా ఉండి బస్సు నడపడం కష్టమైన స్టేషన్ దగ్గర పెట్టుకోవచ్చు. మీ దగ్గర సైకిళ్లకి, బైకులకి నీడ ఉన్న స్టాండ్ అడగండి.

స్టేషన్_వెనకవీధి:
చాలా థ్యాంక్స్ అందరికీ. రూల్ తీసేయమనే రాస్తాను, కానీ స్లాట్లు విడిగా అమ్మడం, ఫుట్‌పాత్, బస్సు షరతులుగా పెడతాను. వీధిలో కారు పెట్టుకోవాలంటే పర్మిట్ ఉండాలనే రూల్ పెట్టమని అడిగితే, పర్మిట్లు ఎన్ని ఇవ్వాలో ఎలా తేలుస్తారు?

రూల్స్_చదువుతా:
ముందు వీధిలో అడ్డం కాకుండా ఎన్ని కార్లు పడతాయో లెక్కపెట్టాలి. ఫైరింజన్, అంబులెన్స్ తిరిగే వెడల్పు వదిలేసి లెక్కేయండి. పర్మిట్లు ఆ సంఖ్య దాటకూడదు. కొత్త బిల్డింగుల్లోకి వచ్చేవాళ్లకి వీధి పర్మిట్ రాదని కొనేముందే కాగితం మీద ఉండాలి. లండన్‌లో చాలా కొత్త ఇళ్లకి ఈ షరతు పెడుతున్నారు. కొన్నాక చెప్తే మాత్రం గొడవలవుతాయి.