తక్కువ బడ్జెట్‌లో వేట, క్యాంపింగ్ సామాను: దేని మీద ఖర్చు పెట్టాలి?

కొండదారి:
అందరికీ నమస్తే. వచ్చే సీజన్‌లో మా బావగారితో కలిసి మొదటిసారి జింక వేటకి వెళ్తున్నాను. లైసెన్స్ చేతికొచ్చింది, తుపాకీ భద్రత శిక్షణ కూడా పూర్తయింది. తుపాకీ బావగారు ఇస్తానన్నారు. మిగతాదంతా నేనే సమకూర్చుకోవాలి. వారాంతమంతా కొండ మీద టెంట్‌లోనే ఉంటాం. తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుందట. కొనాల్సిన వాటి జాబితాలు చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. అన్నీ మంచివి కొనేంత డబ్బు లేదు. దేని మీద ఖర్చు పెట్టాలి, దేన్ని చవగ్గా కానిచ్చేయొచ్చు?

అడవిబాట:
ముందు ఒంటి కింద పరుచుకునే మ్యాట్ కొనండి. మిగతావన్నీ దాని తర్వాతే. చాలామంది దీన్ని ఆఖర్న, మిగిలిన చిల్లరతో కొంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చదనం నిలబెట్టేది దాని పీచు మధ్య చిక్కుకున్న గాలి. మీరు పడుకోగానే కింది వైపు పీచు మీ బరువుకి అణిగిపోతుంది, ఆ గాలి ఉండదు. ఇక నేలకీ మీ వెన్నుకీ మధ్య ఉండేది మ్యాటే. అది పల్చగా ఉంటే ఎంత ఖరీదైన బ్యాగ్‌లో దూరినా వణుకు తప్పదు. రాత్రంతా నిద్రలేని మనిషి పొద్దున్నే తుపాకీ పట్టుకుని నడవడం నాకస్సలు ఇష్టం ఉండదు. అందుకే దీన్ని సుఖం లెక్కలో కాదు, భద్రత లెక్కలో వేస్తాను.

మ్యాట్‌కి ఆర్-వాల్యూ అని ఒక అంకె ఇస్తారు, అది ఎంత ఎక్కువైతే నేల చలిని అంత బాగా ఆపుతుంది. మామూలు మడత ఫోమ్ మ్యాట్‌కి అది 2 దగ్గర ఉంటుంది. మీరు చెప్పిన చలికి 4 ఉంటే మంచిది. ఒకదాని మీద ఒకటి పరిస్తే అంకెలు కూడతాయి, కాబట్టి రెండు ఫోమ్ మ్యాట్‌లతో పని జరిగిపోతుంది. మోయడానికి లావుగా ఉంటాయి, నిజమే. కానీ ముల్లు గుచ్చుకున్నా వాటిలోంచి పోయే గాలి ఏమీ లేదు. పగలు తడి నేల మీద కూర్చుని కాపు కాయడానికి కూడా అవే పనికొస్తాయి.

స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో వేసిన ఉష్ణోగ్రత చూసి మోసపోకండి. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్‌కి కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని వేర్వేరు అంకెలుంటాయి. చూడాల్సింది కంఫర్ట్, అంటే హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలుపుకునే హద్దు మాత్రమే, అక్కడ నిద్ర అనే మాటే లేదు. తక్కువ డబ్బులో సింథటిక్ పీచుది తీసుకోండి. ఈకలు నింపిన బ్యాగ్ తేలిగ్గా ఉంటుంది గానీ, తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. ఇంకో మాట, కింది ఊళ్లోని వాతావరణ సూచనని నమ్మి బయలుదేరొద్దు. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది.

టెంట్ చవకదైనా ఫర్వాలేదు. పైకప్పు గుడ్డ నేల దాకా దిగాలి, అంతే. కుట్ల వెంట నీళ్లు దిగకుండా ఆపే జిగురు, సీమ్ సీలర్, మీరే పూసుకోండి, ఒక సాయంత్రం పని. కింద వేసే ప్లాస్టిక్ పట్టా టెంట్ అడుగు కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి. బయటికి వస్తే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ కిందికే చేరతాయి. చలి అని గాలి కంతలన్నీ మూసేస్తే మీ ఊపిరిలోని తేమే లోపలి గోడల మీద నీళ్లై కారుతుంది. ఒకటైనా తెరిచి ఉంచండి. టెంట్ లోపల స్టవ్ గానీ బొగ్గులు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించొద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలిసే అవకాశమే లేదు.

బట్టల్లో కాటన్ వద్దు, చెమట పట్టాక ఆరదు. పాత ఉన్ని స్వెటర్, పాలిస్టర్ బనియన్ ఇంట్లో ఉంటే చాలు. వాటి కోసం కొత్తగా ఖర్చు పెట్టకండి.

గురిపెట్టు:
అడవిబాట గారు రాత్రి సంగతి చెప్పారు, నేను పగటి సంగతి చెబుతాను. మచ్చల మచ్చల వేట బట్టలు కొనక్కర్లేదు. జింక మన కదలికని పసిగడుతుంది, వాసన ఇంకా బాగా పసిగడుతుంది. చిన్న సీసాలో టాల్కం పౌడర్ పెట్టుకుని కొద్దిగా వదిలితే గాలి ఎటు వీస్తుందో కనిపిస్తుంది. గాలి మీ ముఖానికి తగిలేలా నడవండి. మెరిసే నారింజ రంగు జాకెట్ మాత్రం తప్పకుండా వేసుకోండి. జింకకి నారింజ, ఎరుపు మనలా కనిపించవు, తోటి వేటగాడికి మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది. ఎంత మేర నారింజ ఉండాలో మీరు వెళ్లే చోటి నిబంధనల్లో చూసుకోండి.

బైనాక్యులర్స్ 8×42 సరిపోతుంది, అంటే 8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. 42ని 8తో భాగిస్తే కంటి వైపు వచ్చే కాంతి పుంజం వెడల్పు 5.25 మిల్లీమీటర్లు, అంటే మసక వెలుతురులో కంటికి అందే కాంతి బాగానే ఉంటుంది. 10 రెట్లది చేతిలో ఎక్కువ వణుకుతుంది. చవకలో అయితే ముందు అద్దాలు కంటి అద్దాల కన్నా ఎడంగా ఉండే పాత తరహా పోరో ప్రిజం మోడల్ తీసుకోండి, అదే ధరకి బొమ్మ మెరుగ్గా ఉంటుంది.

చెట్టు మీది మంచె ఎక్కే పని ఉంటే పడిపోకుండా ఒళ్లంతా పట్టి ఉంచే పట్టీల హార్నెస్ కొత్తది కొనాలి. దీనిలో సెకండ్ హ్యాండ్ వద్దు, బేరం వద్దు. తుపాకీ భుజాన వేసుకుని ఎక్కొద్దు. ఖాళీ చేసి కింద పెట్టి, పైకెక్కాక తాడుతో లాక్కోండి.

కొండదారి:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. మ్యాట్ గురించి అసలు ఆలోచించలేదు, ముందు అదే తీసుకుంటాను. ఇంకో రెండు సందేహాలు. చలికి గ్యాస్ స్టవ్ వెలగదని ఒకాయన అన్నారు, నిజమేనా? జింక దొరికితే మాంసం పాడవకుండా కిందికి తెచ్చుకోవడానికి ప్రత్యేకమైన సంచులు కొనాలా?

అడవిబాట:
డబ్బాలో ఏ గ్యాస్ ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. డబ్బా మీద ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినది అని ఉంటే తీసుకోండి. రాత్రి దాన్ని టెంట్‌లో మీ బట్టల మధ్య చుట్టి పెడితే పొద్దున్నే బాగా వెలుగుతుంది. మంట దగ్గర పెట్టి వేడి చేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

సంచులు కొనొద్దు. ఉతికి ఆరబెట్టిన పాత కాటన్ దిండు గలీబులు తీసుకెళ్లండి. గాలి ఆడుతుంది, ఈగ వాలదు. ప్లాస్టిక్ సంచిలో వేస్తే వేడి లోపలే ఉండిపోయి మాంసం చెడుతుంది. పేగులు వెంటనే తీసేసి, ముక్కల్ని నీడలో వేలాడదీసి త్వరగా చల్లారనివ్వండి. రెండు జతల రబ్బరు గ్లౌజులు, కత్తికి పదును పెట్టే చిన్న రాయి మర్చిపోకండి. సగం పనిలో కత్తి మొద్దుబారితే చేయి తెగేది అప్పుడే.