చేర్యాల చిత్రంలో వణికిన గీతను ఏం చేయాలి?

ప్రశ్న (మాదాపూర్, హైదరాబాద్):
పదేళ్లుగా కంప్యూటర్‌పైనే డిజైన్లు చేస్తున్న నేను కొన్ని నెలలుగా చేర్యాల చిత్రకళ (పొడవాటి బట్టపై కథను బొమ్మలుగా వేసే తెలంగాణ కళ) నేర్చుకుంటున్నాను. కుంచెతో నేరుగా వేసే గీత కాస్త వణికినా బట్టంతా పాడైనట్లే అనిపించి, నిన్న మూడో బట్టను కూడా చుట్టి పక్కన పెట్టేశాను. వెనక్కి తీసుకునే మీట లేని ఈ పనికి మనసును ఎలా అలవాటు చేసుకోవాలి?

సమాధానం 1:
ముందు బట్టను మీరే సిద్ధం చేసుకోండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు నీళ్లు కలిపి పూస్తూ ఒక్కో పూత ఆరేదాకా ఆగితే, ఆ ఉపరితలమే అంతటా ఒకేలా ఉండదని, దానిపై కుంచె ఒకచోట జారి మరోచోట తడబడటం సహజమేనని మీ చేతికే తెలుస్తుంది. (నా మొదటి పూత బీటలు వారింది, అది వేరే సంగతి.)

సమాధానం 2:
ఈ పటాలు గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. కథకులు ఊరూరా తిరుగుతూ, పటాన్ని విప్పి చూపిస్తూ, పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం వినిపించేవారు. దూరంగా కూర్చున్నవారికి ఎర్రటి నేపథ్యంపై బొమ్మల కళ్లూ చేతుల తీరూ అందాలి గానీ, మీరు 400 శాతం పెద్దది చేసి వెతికే లోపం వారికి కనిపించేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మూడో బట్టను మళ్లీ విప్పాను. డోలు వాయించేవాడి భుజం వంకరగానే ఉంది, రంగు మాత్రం నింపుతున్నాను.