ఏజెన్సీ మట్టిదారుల్లో అయిదు బళ్ళు: లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు. ఏం సర్దుకోవాలి?

మట్టిదారి_05:
అందరికీ నమస్కారం. వైజాగ్ నుంచి అయిదుగురు స్నేహితులం బయల్దేరుతున్నాం. బైకులు: రెండు ఎక్స్‌పల్స్ 200 4వీ, రెండు హిమాలయన్ 411, ఒక క్లాసిక్ 350. నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు చూసుకుని, అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు ఇంటికి. మూడు రోజులు. మెయిన్ రోడ్డు మీద పోవడం కాదు, వీలైనంత వరకు ఊళ్ళని కలిపే మట్టిదారులే పట్టుకోవాలని. అక్టోబర్ ఆఖరి వారం అనుకున్నాం, అది సరైన టైమేనా? టైర్లలో గాలి ఎంత ఉంచాలి, అయిదు బళ్ళకీ కలిపి స్పేర్లు ఏం తీసుకెళ్ళాలి? అందరికీ ఘాట్ రోడ్లు అలవాటే గానీ రాళ్ళ ఎక్కుడు, గెడ్డలు (కొండవాగులు) దాటడం కొత్త. క్లాసిక్ వాడిని తీసుకెళ్ళాలా వద్దా అన్నది కూడా తేల్చండి, వాడు వినడం లేదు.

ఎర్రమట్టి:
ముందు తేదీ మార్చండి. అక్టోబర్ చివర అంటే బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టే రోజులు. 2014లో హుద్‌హుద్ వచ్చిందీ అక్టోబర్ 12నే. ఏజెన్సీ ఎర్రమట్టి ఆరితే సిమెంటు, తడిస్తే సబ్బు. వాన పడుతున్న రోజు కన్నా వెలిసిన మర్నాడు ఇంకా మోసం. పైన పెచ్చు కట్టి ఆరినట్టు కనిపిస్తుంది, చక్రం పడగానే పెచ్చు విరిగి కింద జారుతుంది. పైగా ఆ బంక టైరు గాళ్ళలో నిండి, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య గట్టిగా దట్టించుకుపోతుంది. హిమాలయన్‌కి పైన ముక్కులాంటిది ఒకటి, కింద చక్రాన్ని ఆనుకుని ఒకటి, రెండు మడ్‌గార్డులు కదా. కింది దాంట్లో మట్టి పట్టిందంటే ముందు చక్రం తిరగడమే మానేస్తుంది. పుల్ల పెట్టి గీకుతూ కూర్చోవాలి. నవంబర్ రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా ఏ వారమైనా పర్వాలేదు, బయల్దేరే ముందు వరసగా నాలుగు రోజులు ఎండ కాసిందో లేదో చూసుకోండి.

చలికాలంలో రెండు ఇబ్బందులు. పొద్దున్న మంచు దట్టంగా ఉంటుంది, తొమ్మిది దాకా మట్టిదారి జోలికి పోవద్దు. సాయంత్రం అయిదున్నరకే చీకటి. అందుకని నాలుగుకల్లా తారురోడ్డు మీదికి వచ్చేసేలా లెక్క వేసుకోండి. కొత్తవాళ్ళకి రోజుకి 40, 50 కిలోమీటర్ల మట్టిదారి చాలా ఎక్కువ. మ్యాపులో గీత చూసి గంటకి 30 వేసుకున్నారంటే రాత్రి అడవిలోనే.

ఇంకోటి. దారిలో ఎవరినైనా "ఈ దారి ఫలానా ఊరు పోతుందా" అని అడిగితే "పోతుంది" అనే అంటారు. వాళ్ళు చెప్పేది కాలిదారి. "జీపు పోతుందా, ఆటో పోతుందా" అని అడగండి. జీపు పోతుందంటే మీరూ పోతారు. "బండి పోతాది, మనిషి దిగాల" అన్నారంటే వెనక్కి తిరగండి.

అవి కోతల రోజులు. ఊరి సిమెంటు రోడ్ల మీద చోళ్ళు (రాగులు), వడ్లు ఆరబోస్తారు, కాఫీ గింజలు కూడా. బండి దిగి పక్కనుంచి నడిపించుకోండి. వలిసె పూల చేలో ఫొటో కోసం బండి దింపే బ్యాచ్‌లో మీరు చేరొద్దు, అది ఒకరి పంట. రిజర్వు ఫారెస్టులోకి అటవీశాఖ అనుమతి లేకుండా దిగకండి, గేటు పక్క సందు కనిపించినా సరే. చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం బ్యాగులు విప్పిస్తారు. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు చేతికందేలా పెట్టుకోండి, సామాను అయిదు నిమిషాల్లో విప్పి కట్టేలా ఉండాలి. పెట్రోల్ నర్సీపట్నంలో ఫుల్లు కొట్టించి, ఆపైన బంకు కనబడిన ప్రతిచోటా నింపుకుంటూ పొండి.

రెండో_గేరు:
గాలి సంగతి చెప్తా. తారు మీద ముందు 25, వెనక 32 పీఎస్‌ఐతో వస్తారు. మట్టిలోకి దిగేచోట ఆగి ఎక్స్‌పల్స్‌కి ముందు 18, వెనక 20కి దించండి. గాలి దించితే టైరు నేలకి ఆనే భాగం పెరుగుతుంది, రాయి తగిలితే ఎగరకుండా దాన్ని చుట్టుకుంటుంది. ఇంకా దించుదాం అనిపిస్తుంది, వద్దు. మీ బళ్ళవి ట్యూబు టైర్లు, టైరుని రిమ్ముకి పట్టి ఉంచే రిమ్ లాకులు లేవు. గాలి మరీ తక్కువైతే టైరు రిమ్ము మీద జరుగుతూ ట్యూబుని లాక్కెళ్ళి వాల్వు మొదట్లోనే చింపేస్తుంది, అది ప్యాచీకి అందదు. వాల్వు చుట్టూ ఉండే చిన్న నట్టుని రిమ్ముకి బిగించకుండా పైకి, క్యాపు దగ్గరికి తిప్పి ఉంచండి. వాల్వు ఓ పక్కకి వాలి కనిపించిందంటే టైరు జరుగుతోందని అర్థం, గాలి తీసి సర్ది మళ్ళీ కొట్టండి.

ఎక్కుడు. రాళ్ళ ఎక్కుడు రెండో గేరులో, నిలబడి, మోకాళ్ళు కొద్దిగా వంచి, ఛాతీ హ్యాండిల్ మీదికి తెచ్చి. మొదటి గేరులో ప్రతి చిన్న ఎక్సలేటర్‌కీ వెనక చక్రం తిరిగిపోతుంది. కింద కావలసిన వేగం తెచ్చుకుని పైదాకా ఎక్సలేటర్ ఒకే తీరుగా ఉంచడమే. చూపు ముందు చక్రం మీద కాదు, పది పదిహేను మీటర్ల అవతల. ఏ రాయిని చూస్తే బండి దాని మీదికే పోతుంది.

మధ్యలో బండి ఆగిపోయిందనుకోండి. అందరూ చేసే తప్పు క్లచ్ పట్టి ముందు బ్రేకు నొక్కడం. ఎక్కుడులో బరువంతా వెనక ఉంటుంది, ముందు చక్రానికి పట్టు ఉండదు, బ్రేకు పట్టినా బండి వెనక్కి జారుతుంది. క్లచ్ వదిలెయ్యండి. ఇంజన్ ఆగి గేరులో ఉంటే అదే వెనక చక్రానికి బ్రేకు. ఊపిరి తీసుకుని, కొండ ఏ వైపు ఎత్తుగా ఉందో ఆ వైపు కాలు ఆనించి బండి దిగండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, ముందు బ్రేకు పట్టుకుని క్లచ్‌ని కొద్దికొద్దిగా వదులుతూ పడుతూ ఉంటే బండి అంగుళం అంగుళంగా వెనక్కి జారి వాలుకి అడ్డంగా వస్తుంది. అప్పుడు ముందు చక్రాన్ని కిందికి తిప్పుకుని దిగిపోండి. ఇద్దరుంటే ఇంకొకరు కొండ వైపు నుంచే పట్టుకోవాలి. పల్లం వైపు ఎవరూ నిలబడొద్దు, బండి పడితే మనిషి మీదే.

దిగుడు మొదటి గేరులోనే. ఇంజనే ఆపుతుంది, క్లచ్ ముట్టుకోకూడదు. ముందు బ్రేకు రెండు వేళ్ళతో, గట్టిగా లాక్కుండా. హిమాలయన్‌లో వెనక ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పట్టే ఏర్పాటు) ఆపే స్విచ్ ఉన్న మోడల్ అయితే ఆపెయ్యండి, లేకపోతే గులకరాళ్ళ మీద అది బ్రేకు వదిలేస్తూనే ఉంటుంది, బండి ఆగదు. కీ ఆపి వేస్తే ఏబీఎస్ మళ్ళీ ఆన్ అయిపోతుంది, ప్రతిసారీ చూసుకోవాలి. ఎక్స్‌పల్స్‌కి వెనక ఏబీఎస్ ఎలాగూ లేదు.

ఎర్రమట్టి:
@రెండో_గేరు ఎక్స్‌పల్స్ వరకు సరే. కానీ హిమాలయన్ 199 కిలోలు, దాని మీద మనిషి, మూడు రోజుల సామాను. దానికి 18 అంటే రాయి తగిలిన ప్రతిసారీ ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. రిమ్ము కూడా సొట్ట. ముందు 20, వెనక 23 కన్నా దించొద్దు.

రెండో_గేరు:
ఒప్పుకుంటున్నా, సామానుతో అయితే అంతే. సామాను రూములో పడేసి వెళ్తే 20, 20.

పానాపెట్టె:
స్పేర్లు. మీ అయిదు బళ్ళ లెక్క చూస్తే ఎక్స్‌పల్స్‌కీ హిమాలయన్‌కీ ముందు చక్రం ఒకటే, 21 అంగుళాలు. ఎక్స్‌పల్స్ వెనకదీ క్లాసిక్ వెనకదీ 120/80-18. హిమాలయన్ వెనకది 17. కాబట్టి 21 ట్యూబులు రెండు, 18 ఒకటి, 17 ఒకటి చాలు. క్లాసిక్ ముందు 19కి వేరే అక్కర్లేదు, అవసరమైతే 21 ట్యూబే కాస్త మడతపడినా పట్టించి ఊరు చేరొచ్చు. వెనక చక్రాల్లో కూడా అంతే, మెల్లగా నడిపితే పంక్చర్ షాపు దాకా తెస్తుంది.

మిగతావి: ప్రతి బండికీ క్లచ్ వైరు ఒకటి. పాత వైరు పక్కనే కొత్తది వేసి టేపు చుట్టి ఉంచితే తెగిన చోట పది నిమిషాల పని. క్లచ్, బ్రేకు లివర్లు ఒక్కో సెట్టు. వాటి క్లాంపులు బిగించేటప్పుడు లోపల రెండు చుట్లు టెఫ్లాన్ టేపు (ప్లంబర్ల తెల్ల టేపు) వేసి, చేత్తో గట్టిగా తిప్పితే తిరిగేంత వదులుగా ఉంచండి. బండి పడితే లివర్ విరగకుండా తిరుగుతుంది. గేరు రాడ్డు ఒకటి. చైన్ లింకు మీ బండి చైన్ నంబరుదే కొనాలి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఇంజన్ కింద రాయి తగిలి చిల్లుపడితే ఎమ్-సీల్. ఆయిల్ తుడిచి, పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితం రుద్దాక పెడితేనే అంటుకుంటుంది, జిడ్డు మీద నిలవదు. లీటరు ఇంజన్ ఆయిల్, స్పార్కు ప్లగ్గు, ప్లగ్గు పానా, జిప్ టైలు, బైండింగ్ వైరు, లాగడానికి నైలాన్ బెల్టు, గాలి చూసే గేజీ, సైకిల్ పంపు.

టైర్ లివర్లు మూడు ఉండాలి, రెండుతో చెయ్యలేరు. టైరు అంచు రిమ్ము నుంచి ఊడకపోతే పక్క బండి సైడ్ స్టాండుని టైరు మీద మోపి ఆ బండి బరువు దాని మీద వెయ్యండి, ఊడిపోతుంది. ఎక్స్‌పల్స్‌కి సెంటర్ స్టాండు లేదు. సైడ్ స్టాండు మీద ఉంచి కుడి పక్క స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) కింద సరిపడా పొడుగు కర్ర మోపితే వెనక చక్రం లేస్తుంది. ట్యూబు తీశాక టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, ముల్లో వెదురు మోడు ముక్కో ఇంకా అక్కడే ఉంటే గుడ్డ పట్టేస్తుంది. వేలితో తడిమితే వేలు తెగుతుంది. కొత్త ట్యూబు గుండ్రంగా వచ్చేంత గాలి పోసి పెట్టండి. ఖాళీ ట్యూబు పెడితే లివర్ కింద నలిగి కొత్త పంక్చర్. టైరు ఎక్కించడం వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. ఎక్కించేటప్పుడు ఎదుటి పక్క అంచుని మోకాలితో నొక్కి రిమ్ము మధ్య పల్లంలోకి దింపితే చివరి జానెడు దానంతట అదే వస్తుంది. బలం వాడాల్సి వస్తోందంటే ఆ అంచు పల్లంలో లేదని లెక్క.

ఇదంతా ఇంటి దగ్గర ఒక్కసారి చెయ్యండి, మీరు తీసుకెళ్ళే పానాలతోనే. యాక్సిల్ నట్టుకి సరిపడే పానా లేదని ఏజెన్సీలో తెలుసుకోవడం కన్నా నరకం లేదు.

మట్టిదారి_05:
అందరికీ థాంక్స్, నవంబర్ మూడో వారానికి మార్చేశాం. గెడ్డల గురించి ఎవరూ చెప్పలేదు. ఒకవేళ నీళ్ళలో బండి ఆగిపోతే? క్లాసిక్ గురించి కూడా...

గెడ్డగట్టు:
గెడ్డ దగ్గర మొదట ఇంజన్ ఆపి దిగి నడవండి, బూట్లు తడుస్తాయని ఆలోచించకండి. నడిచేటప్పుడు రాళ్ళు దొర్లుతున్నాయా, గుంటలున్నాయా అన్నది కాళ్ళకి తెలుస్తుంది. నీళ్ళు మోకాలు దాటితే, లేదా నడుస్తుంటే కాలు పక్కకి తోసుకుపోతుంటే బండి దింపొద్దు. నీళ్ళు నునుపుగా, చప్పుడు లేకుండా పోయేచోటు లోతు. గలగలమని రాళ్ళ మీద పారేచోటు తక్కువ లోతు, అక్కడే దాటాలి. ప్రవాహానికి ఎదురు కాకుండా కొంచెం దిగువకి ఐమూలగా పొండి. మొదటి గేరు, ఎక్సలేటర్ ఒకే మోత, మధ్యలో క్లచ్ పట్టొద్దు. రాళ్ళ గెడ్డ కన్నా ప్రమాదం నీళ్ళు పారే సిమెంటు చప్టా. దాని మీద పాచి పట్టి ఉంటుంది. నిటారుగా, బ్రేకు ముట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా నడక వేగంతో దాటండి.

బండి నీళ్ళలో పడితే వెంటనే కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే మీట) నొక్కండి. ఆ తర్వాత ఎవడెంత తొందరపెట్టినా సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ బండి ఇక ఆటో ఎక్కాల్సిందే. గట్టుకి తెచ్చి ఎయిర్ ఫిల్టర్ మూత తియ్యండి. ఫిల్టర్ పొడిగా ఉంటే చాలావరకు గండం గడిచినట్టే. తడిసి ఉంటే ప్లగ్గు విప్పి, ప్లగ్గు క్యాపు దూరంగా పెట్టి, చివరి గేరులో వేసి బండిని ముందుకి తోస్తే ప్లగ్గు రంధ్రం నుంచి నీళ్ళు చిమ్ముతాయి. నీళ్ళు రావడం ఆగిందాకా తోసి, మొహం అడ్డం పెట్టకుండా రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టి, ప్లగ్గు ఆరబెట్టి పెట్టండి. స్టార్టయ్యాక ఆయిల్ చూసే గాజు కన్ను చూడండి. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. అలాగే నడపకండి, మార్చాలి. ఒక్కసారి మారిస్తే పోదు, కొత్తది పోసి కొంచెంసేపు తిప్పి మళ్ళీ మార్చాలి. దాటిన ప్రతిసారీ బ్రేకులు రెండు మూడు సార్లు మెల్లగా పట్టి ఆరబెట్టుకోండి.

రెండో_గేరు:
క్లాసిక్ విషయం. బరువు 195, హిమాలయన్ అంతే. తేడా నేలకీ ఇంజన్‌కీ మధ్య ఎత్తులో: దానికి 170 మిల్లీమీటర్లు, మిగతా వాటికి 220. ఆ అయిదు సెంటీమీటర్లే సైలెన్సర్ బెండు రాయికి తగలడానికీ తగలకపోవడానికీ తేడా. రమ్మనండి గానీ చింతపల్లి, పాడేరు మధ్య మెయిన్ రోడ్డు మీద వచ్చి మీకు ఎదురవమనండి, సామాను కూడా దాని మీదే వేసెయ్యండి. మీ నాలుగు బళ్ళూ తేలికవుతాయి. వాడికి సామాను మేస్త్రీ అని పేరు పెట్టి ఆ పని గొప్పగా అప్పగిస్తే ఒప్పుకుంటాడు. జీపు దారి, పొడి నేల అయితే మీతో పాటే రావచ్చు, ఇంజన్ కింద స్టీలు బాష్ ప్లేటు (రాళ్ళ దెబ్బ కాచే రేకు) మాత్రం వేయించండి.

మిగిలిన నలుగురూ వరసలో వెళ్ళేటప్పుడు చివర్న పానాలున్నవాడు, ముందు దారి తెలిసినవాడు. ఎవరూ వెనకవాడి కోసం అద్దంలో చూస్తూ నడపొద్దు. దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనకవాడి హెడ్‌లైటు కనబడ్డాకే కదలాలి. ఎక్కుడు ఒక్కొక్కరే ఎక్కాలి, పైవాడు చెయ్యి ఊపాకే కిందవాడు మొదలుపెట్టాలి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, ఫోన్లు నమ్ముకోకండి. చీలమండలు దాటే బూట్లు, మోకాలి గార్డులు లేనివాడిని ఆ రోజు క్లాసిక్ వాడి వెనక కూర్చోబెట్టండి.

మట్టిదారి_05:
మేస్త్రీ ఒప్పుకున్నాడు. కానీ సామానుతో పాటు వంట గిన్నెలు కూడా తెస్తాడట, దానికి ఎవరూ అడ్డు చెప్పకూడదట. బాష్ ప్లేటుకి కొలతలు తీయించడానికి రేపు వెళ్తున్నాం. ప్లేటు తియ్యకుండా ఆయిల్ మార్చుకునేలా కింద రంధ్రం వదలమనాలా?

పానాపెట్టె:
తప్పకుండా. డ్రెయిన్ నట్టుకి బాక్స్ పానా దూరేంత రంధ్రం. ఇంకా ప్లేటుకీ ఇంజన్‌కీ మధ్య ఒక వేలు దూరేంత సందు ఉండాలి, అతుక్కుని ఉంటే రాయి దెబ్బ నేరుగా ఇంజన్‌కే పోతుంది. బోల్టు తలలు బయటికి పొడుచుకు రాకుండా లోపలికి ఉండేట్టు చేయించండి, లేకపోతే మొదటి రాయికే తలలు అరిగి తర్వాత విప్పడానికి పానా పట్టదు.