అప్‌డేట్: తమ్ముడి ఆగని వాంతులకు కారణం తెలిసింది

కావలిలో ఉండే మా తమ్ముడికి విడవకుండా వాంతులు, కడుపునొప్పి అని, వేణ్ణీళ్ళు పోసుకుంటే తప్ప తగ్గడం లేదని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ‘గంజాయి అలవాటుందేమో మెల్లగా అడగండి’ అన్నవారి మాటే నిజమైంది.

నెల్లూరులో గ్యాస్ట్రో డాక్టర్ మమ్మల్ని బయటికి పంపి వాడితో విడిగా మాట్లాడారు. ఏళ్ళుగా దాదాపు రోజూ గంజాయి తాగుతున్నాడట. జబ్బు పేరు కానబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్, అంటే గంజాయి వల్ల వచ్చే ఆగని వాంతులు. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు దీన్ని మొదట వివరించారు. గంజాయి వికారం తగ్గిస్తుందని విని మావాడు వాంతులప్పుడు ఇంకా ఎక్కువ తాగేవాడు. చాలాకాలం వాడినవాళ్ళలో కొందరికి అదే తిరగబడి వాంతులు తెస్తుంది. వేణ్ణీళ్ళ సంగతి చెప్పగానే డాక్టర్‌కి ఈ జబ్బేమోనని అనుమానం వచ్చింది. బకెట్ మీద బకెట్ పోసుకుంటూ, వీపంతా ఎర్రగా కందిపోయినా బాత్‌రూంలోంచి వచ్చేవాడు కాదు పాపం.

ఎండోస్కోపీ, స్కానింగ్ నార్మల్. అల్సర్ కాదు, కామెర్లు కాదు. పథ్యానికీ, అమ్మ తీసిన దిష్టికీ సంబంధమే లేదు. వాంతులకు మామూలుగా ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు. సెలైన్‌తో పాటు హాలోపెరిడాల్ అనే మందు ఇచ్చాక వాంతులు నిలిచాయి. ఒంట్లో నీరు పోతే కిడ్నీలు దెబ్బతింటాయి కాబట్టి ఇలా వాంతులవుతున్న మనిషిని ఇంట్లోనే ఉంచుకోవద్దు.

అసలు వైద్యం గంజాయి పూర్తిగా మానడమే, మళ్ళీ తాగితే మళ్ళీ వస్తుందన్నారు. మావాడు మానేశాడు, ఇప్పుడు అన్నం ఇముడుతోంది. మీ ఇంట్లో ఇలాగే ఉంటే తిట్టకండి, డాక్టర్‌కి దాచకుండా చెప్పనివ్వండి. మానడానికి సాయం కావాలంటే మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.